గొడుగు కొన్నదీ మనమే, తడుస్తున్నదీ మనమే

అల్పుడికి ఐశ్వర్యమొస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. ఇంగ్లండులో కాంట్రాక్టు చేసుకునే ఐటీవాడి సంగతి ఇంకా విచిత్రం. ఐశ్వర్యమూ లేదు, అర్ధరాత్రీ కాదు, అయినా గొడుగు ఉండి తీరాల్సిందే. ఆ గొడుగుకి అద్దె, గొడుగు పట్టినవాడి మీద గవర్నమెంటు వేసే పన్ను, అన్నీ మన జేబులోంచే పోవాలి. దాని పేరే అంబ్రెల్లా కంపెనీ.

ఇండియాలోనో అమెరికాలోనో కూర్చుని చదివేవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మీరు లండన్లో ఒక బ్యాంకులో పని చేస్తారు. ఆ బ్యాంకు మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకోదు. మిమ్మల్ని వెతికిపెట్టిన ఏజెన్సీ కూడా తీసుకోదు. మీరు ఎన్నడూ గడప తొక్కని మూడో కంపెనీ ఒకటి కాగితాల మీద మీకు ఎంప్లాయర్. బ్యాంకు ఏజెన్సీకి ఇస్తుంది, ఏజెన్సీ అంబ్రెల్లాకి ఇస్తుంది, అంబ్రెల్లా పట్టుకోవాల్సినవన్నీ పట్టుకుని మిగిలింది మీకు ఇస్తుంది. పని చూపించదు, పని చెప్పదు, మీరు చేసే పని ఏంటో కూడా దానికి తెలీదు. టైమ్‌షీటు వస్తే పేస్లిప్పు వస్తుంది, అంతే సంబంధం.

ఇది ఎందుకొచ్చిందంటే పాత కథ. సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని, కొంచెం జీతం, మిగతాది డివిడెండు కింద తీసుకుంటూ ఉద్యోగిలాగే పని చేసేవాళ్ళని పట్టుకోవడానికి 2000 లో ఐఆర్ 35 అనే చట్టం తెచ్చారు. చాలా ఏళ్ళు ఎవరి స్టేటస్ వాళ్ళే తేల్చుకునేవాళ్ళు, జనాలు హాయిగా ఉన్నారు. 2017 ఏప్రిల్లో గవర్నమెంటు ఆఫీసుల్లోనూ, 2021 ఏప్రిల్లో ప్రైవేటులోనూ ఆ తేల్చే బాధ్యత క్లయింటు మీద పెట్టారు (చిన్న క్లయింట్లకి మినహాయింపు ఉంది). తప్పు తేలిస్తే పన్ను మన నెత్తికొస్తుందని పెద్ద బ్యాంకులూ ఇన్సూరెన్సు కంపెనీలూ ఒక్కొక్కళ్ళనీ చూసి తేల్చే ఓపిక లేక "లిమిటెడ్ కంపెనీలు మాకొద్దు, అంబ్రెల్లాలో రండి" అని గంపగుత్తగా చెప్పేశాయి. నేను పదేళ్ళు నడుపుకున్న నా లిమిటెడ్ కంపెనీ ఆ ఏడాది వేసవిలో మూసేశాను. దానికి పేరు మా అమ్మాయి పేరు పెట్టాను లెండి, అందుకు ఇంకొంచెం బాధ.

నిజానికి నా గొడవ ఐఆర్ 35 మీద కాదు. ఉద్యోగిలా పని చేస్తే ఉద్యోగిలా పన్ను కట్టమనడం న్యాయమే. మేం పదేళ్ళు డివిడెండ్లు తిన్నాం, ఆ మాట ఒప్పుకోవాలి. నా గొడవల్లా ఒక్కటే. ఉద్యోగి కట్టాల్సిన పన్ను సరే, యజమాని కట్టాల్సిన పన్ను కూడా ఉద్యోగి చేతే ఎందుకు కట్టిస్తున్నారు?

లెక్క వేద్దాం, లెక్కకి మించిన తిట్టు లేదు. ఈమెయిల్లో "డే రేట్ 500 పౌండ్లు" అని వస్తుంది. వారానికి ఐదు రోజులు, 2,500. అది మీ జీతం అనుకుంటారు కదా? కాదు. దాన్ని వాళ్ళ భాషలో అసైన్‌మెంట్ రేట్ అంటారు. అది ఏజెన్సీ అంబ్రెల్లాకి ఇచ్చే డబ్బు. అందులోంచి ముందు అంబ్రెల్లా తన మార్జిన్ తీసుకుంటుంది, ఒక 25 పౌండ్లు అనుకోండి. తర్వాత ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్సు. 2025 ఏప్రిల్ నుంచి వారానికి 96 పౌండ్లు దాటిన జీతం మీద 15 శాతం. అది 309 పౌండ్లు. తర్వాత అప్రెంటిస్‌షిప్ లెవీ అని అర శాతం, ఇంకో 11. (పెద్ద కంపెనీలు కుర్రాళ్ళకి పని నేర్పించడానికి కట్టాల్సిన పన్ను అది. నలభై ఆరేళ్ళ నేను ఏ కుర్రాడికి ఏ పని నేర్పిస్తున్నానో నాకే తెలీదు.) ఇవన్నీ పోగా మిగిలిన 2,155 మీ గ్రాస్. ఆగండి, అది కూడా పూర్తిగా జీతం కాదు. అందులో 232 పౌండ్లు సెలవుల డబ్బు. చట్టం ప్రకారం ఏడాదికి 5.6 వారాల సెలవులకి యజమాని డబ్బివ్వాలి కదా, ఆ డబ్బు కూడా మీ డబ్బులోంచే విడదీసి మీకే ఇస్తారు. అది తీసేస్తే వారానికి 1,923. అంటే రోజుకి 385.

500 అని పిలిచి 385 కి పని చేయిస్తున్నారు. ఇంకా మీ ఇన్‌కమ్ ట్యాక్సు, మీ వంతు నేషనల్ ఇన్సూరెన్సు మొదలే కాలేదు. అవి కూడా అయ్యాక, పెన్షన్ వద్దని రాసిచ్చినా సరే, సెలవుల డబ్బుతో కలిపి చేతికొచ్చేది వారానికి 1,450 దగ్గర. పెన్షన్ ఉంచుకుంటే యజమాని వేయాల్సిన 3 శాతం ఎక్కడినుంచి వస్తుందో వేరే చెప్పాలా :)

ఇక్కడ అసలు తమాషా ఏంటంటే, యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్సుని ఉద్యోగి జీతంలోంచి కోయడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. 1992 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంలోనే అది ఉంది. మరి వీళ్ళెలా కోస్తున్నారు? జీతంలోంచి కోయట్లేదండీ. జీతం అనే మాటే కోత అయిపోయాక మొదలవుతుంది. మీ కాంట్రాక్టు తీసి చూడండి, అందులో 500 ఎక్కడా ఉండదు. కనీస వేతనం ఉంటుంది. పేస్లిప్పులో బేసిక్ కింద ఆ కనీస వేతనం వేసి, మిగతాదంతా "అడిషనల్ పే" అనో "బోనస్" అనో వేస్తారు. మొదటి నెల నా పేస్లిప్పులో బోనస్ చూసి మా ఆవిడ "అప్పుడే బోనస్ ఇచ్చారా, మంచి కంపెనీలా ఉందే" అంది. నా డబ్బు నాకే బోనస్ కింద ఇచ్చారని చెప్పడానికి మనసొప్పలేదు.

అందుకే ఇది ఎవరికీ తప్పుగా కనపడదు. దొంగతనం అయితే పోలీసులకి చెప్పుకోవచ్చు. ఇది మాటల గారడీ.

దీనికి మన చదువుకున్నవాళ్ళు ఒక వాదన చెప్తారు, నాకు బాగా తెలిసినాయనే చెప్పాడు. "ఎవరు కడితే ఏముంది బ్రదర్, పర్మినెంట్ ఉద్యోగంలో కూడా కంపెనీ నీకయ్యే మొత్తం ఖర్చు చూసుకునే జీతం ఇస్తుంది, ఎంప్లాయర్ ఎన్‌ఐ అక్కడ కనపడదు, ఇక్కడ కనపడుతుంది, అంతే తేడా" అని. వినడానికి బానే ఉంది. ఎకనామిక్స్ పుస్తకంలో అయితే నిజమే కూడా. కానీ 2025 ఏప్రిల్లో ఏం జరిగిందో చూడండి. అప్పటిదాకా యజమాని వాటా 13.8 శాతం, వారానికి 175 పౌండ్లు దాటాక. 2024 అక్టోబరు బడ్జెట్లో దాన్ని 15 శాతం చేసి, పరిమితిని 96 కి దించారు. ఉద్యోగుల మీద పన్ను వేయలేదు, కంపెనీల మీద వేశాం అని ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పుకున్నారు. మా టీములో నా పక్క సీటులో కూర్చునే పర్మినెంట్ అమ్మాయి జీతం ఏప్రిల్లో ఒక్క పెన్నీ తగ్గలేదు. తన కంపెనీ ఆ ఖర్చు భరించింది. వచ్చే ఏడాది హైకులో కొంచెం కోస్తారేమో, అది తర్వాతి మాట. నాకు మాత్రం ఏప్రిల్ రెండో వారం పేస్లిప్పులోనే గ్రాస్ 31 పౌండ్లు తగ్గింది. అదే రేటు, అదే సీటు, అదే పని. ఎవరూ ఉత్తరం రాయలేదు, ఎవరూ పిలిచి మాట్లాడలేదు. ఎందుకంటే నా జీతం ఎవరూ తగ్గించలేదు కదా మరి, రేటు అలాగే ఉంది! కంపెనీల మీద వేసిన పన్ను వారం తిరక్కుండా కూలివాడి పొట్ట మీదకొచ్చింది. పుస్తకంలో ఎకనామిక్స్‌కీ ఈ ఎకనామిక్స్‌కీ అదీ తేడా.

ఏజెన్సీని అడిగాను, కొత్త పన్ను వచ్చింది కాబట్టి రేటు సవరిస్తారా అని. అవతల కుర్రాడికి పాతికేళ్ళు ఉంటాయేమో, నన్ను "మేట్" అంటాడు. "మీ ఎంప్లాయర్‌తో మాట్లాడుకోండి మేట్" అన్నాడు. ఎంప్లాయరుకి ఫోన్ చేస్తే "మీ రేటు ఏజెన్సీ నిర్ణయిస్తుందండీ" అన్నారు. ఏ ఎండకా గొడుగు అంటే ఇదే. సెలవు కావాలంటే క్లయింటుని అడగాలి, రేటు గురించి ఏజెన్సీని అడగాలి, పేస్లిప్పు గురించి అంబ్రెల్లాని అడగాలి. ముగ్గురు యజమానులున్నా జవాబు చెప్పేవాడు ఒక్కడూ లేడు.

నా తెలివితక్కువతనం కూడా చెప్పుకోవాలి, లేకపోతే నేనేదో పెద్ద తెలిసినవాణ్ణి అనుకుంటారు. 2021 లో లిమిటెడ్ మూసేశాక ఏజెన్సీ నాకు రెండు దారులు చూపించింది. రోజుకి 500, అంబ్రెల్లా. లేదా రోజుకి 400, ఏజెన్సీ సొంత పేరోల్లో, సెలవుల డబ్బు అదనం. నేను ఎగిరి గంతేసి 500 తీసుకున్నా. ఇంజనీరింగులో మ్యాథ్స్ డిస్టింక్షన్ :( అప్పటి పన్ను రేట్లతో ఆ 500 నిజానికి 390. అంటే 400 కాదని 390 తీసుకున్నా. సెలవుల డబ్బు కూడా కలిపి చూస్తే వారానికి 55 పౌండ్లు చేతులారా వదులుకున్నా. పేరోల్ రేటులో యజమాని పన్ను ఏజెన్సీ నెత్తిన ఉంటుంది, అందుకే అది చిన్న అంకె. అంబ్రెల్లా రేటులో మన నెత్తిన ఉంటుంది, అందుకే పెద్ద అంకె. పెద్ద అంకె చూస్తే మనకి ఒళ్ళు తెలీదు, అది వాళ్ళకి బాగా తెలుసు.

ఇంకోటి కూడా పోగొట్టుకున్నా. ఆ అంబ్రెల్లా సెలవుల డబ్బుని వారం వారం ఇవ్వకుండా పక్కన పెట్టేది. అడిగినప్పుడు ఇస్తారన్నమాట. లీవ్ ఇయర్ మార్చి 31 తో అయిపోతుందనీ, అప్పటికి సెలవు పెట్టకపోతే ఆ డబ్బు పోతుందనీ కాంట్రాక్టు పందొమ్మిదో పేజీలో ఉంది. ప్రాజెక్టు గో లైవ్ అని ఫిబ్రవరి, మార్చి సెలవే పెట్టలేదు. ఏప్రిల్లో అడిగితే "సారీ, లాప్స్ అయింది" అన్నారు. 1,900 పౌండ్లు. నా రేటులోంచి కోసి పక్కన పెట్టిన నా డబ్బు వాళ్ళ లాభంలో కలిసింది. ఎప్పుడూ రిఫండు కోసం ఫోన్లో పోట్లాడే మా ఆవిడ కూడా ఆ పందొమ్మిదో పేజీ చూసి ఊరుకుంది.

ఇక దొంగ గొడుగుల సంగతి. పైన చెప్పినదంతా చట్టబద్ధమైన, పద్ధతైన, సర్టిఫికెట్లున్న కంపెనీల గురించి. వీటి పక్కనే ఇంకో జాతి ఉంది. "టేక్ హోమ్ 84 శాతం గ్యారంటీ" అనేవాళ్ళు.

మా బావమరిది స్నేహితుడు ఒకబ్బాయి ఉన్నాడు, ఖమ్మం అతను. భార్య నర్సు, ఆమె వీసా మీద డిపెండెంటుగా వచ్చాడు. టెస్టింగులో మంచి పనివాడు. 2022 లో మొదటి కాంట్రాక్టు, రోజుకి 350. తెలిసిన తెలుగాయనే ఒక అంబ్రెల్లా చెప్పాడు, చేరితే ఆయనకి రిఫరల్ డబ్బు వస్తుందన్న మాట చెప్పలేదు. వారానికి 1,750 లో 1,470 చేతికొచ్చేది. మాకేమో 1,075 రావడం గగనం అక్కడ. "అన్నా, మీరెందుకు వేరే దాంట్లో ఉన్నారు, ఇందులోకి రండి" అని నాకే సలహా ఇచ్చాడు పాపం. పేస్లిప్పు చూపించమన్నాను. కనీస వేతనం మీద పన్ను కట్టారు. మిగతాది "అడ్వాన్స్" అని ఇంకో ఎంట్రీ, వేరే కంపెనీ పేరు మీద. అంటే జీతం కాదు, అప్పు. ఎప్పటికీ తిరిగి ఇవ్వక్కర్లేని అప్పు. అప్పుకి పన్ను ఉండదు కదా, అదీ తెలివి.

"లీగల్ అంట అన్నా, లాయరు ఒపీనియన్ కూడా ఉందంట" అన్నాడు. ఇదే మాట చెప్పి రెండు దశాబ్దాలుగా జనాన్ని ముంచారు. ఈ అప్పుల స్కీముల మీద 2017 లో చట్టం చేసి, 2019 ఏప్రిల్ 5 నాటికి తీరకుండా ఉన్న పాత అప్పులన్నీ ఒకేసారి ఆదాయం కింద లెక్కేసి పన్ను కట్టమన్నారు. లోన్ చార్జ్ అంటారు. మొదట 1999 దాకా వెనక్కెళ్ళారు, గోల జరిగాక 2010 డిసెంబరు తర్వాతవాటికి కుదించారు. ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. అందులో ఐటీవాళ్ళే కాదు, నర్సులూ, సోషల్ వర్కర్లూ ఉన్నారు. స్కీము అమ్మినవాళ్ళు మాత్రం కంపెనీ మూసేసి ఇంకో పేరుతో తెరిచారు.

మా ఖమ్మం అబ్బాయికి రెండేళ్ళ తర్వాత హెచ్‌ఎంఆర్‌సీ నుంచి బ్రౌన్ కవరు వచ్చింది. పదకొండు నెలలకి 17 వేల పౌండ్ల చిల్లర, వడ్డీ కాక. అంబ్రెల్లాకి ఫోన్ చేస్తే నంబరు లేదు. కంపెనీస్ హౌస్‌లో చూస్తే డిజాల్వ్డ్. చెప్పిన తెలుగాయన "నేనూ మోసపోయాను తమ్ముడూ" అన్నాడట, నిజమో అబద్ధమో ఆయనకే తెలియాలి. ఆ అబ్బాయికి డబ్బు కన్నా ఎక్కువ భయం ఇంకోటి. ఐఎల్ఆర్‌కి అప్లై చేయాలి. పాతకాపులకి గుర్తుండే ఉంటుంది, టియర్ 1 జనరల్ వాళ్ళకి వీసా అప్లికేషన్లో చూపించిన ఆదాయం, ట్యాక్సులో చూపించిన ఆదాయం కలవలేదని 322(5) పేరా కింద హోమ్ ఆఫీసు ఎన్ని ఐఎల్ఆర్‌లు తిరగ్గొట్టిందో. వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా నిజాయితీ లేదని తేల్చడం అన్యాయమని 2019 లో కోర్ట్ ఆఫ్ అపీల్ చెప్పేదాకా కుటుంబాలు నలిగిపోయాయి. ఇంగ్లీషువాడికి ట్యాక్సు తగాదా అంటే ట్యాక్సు తగాదానే. మనకి ట్యాక్సు తగాదా అంటే సూట్‌కేసు సర్దుకోవాలా అన్న భయం. రిఫరల్ డబ్బుకి ఆశపడి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇవి అంటగట్టే మనోళ్ళు ఈ ఒక్క ముక్క ఆలోచిస్తే చాలు. పక్కింటివాడి వీసా మీద మీరు కమీషన్ తింటున్నారు. కోపం వస్తే రానివ్వండి.

ఏజెన్సీలు ఏం తక్కువ తినలేదు. "ప్రిఫర్డ్ సప్లయర్ లిస్ట్" అని నాలుగు పేర్లు పంపుతారు, అందులోంచే ఎంచుకోవాలి. ఆ లిస్టులో చోటు కోసం అంబ్రెల్లాలు ఏజెన్సీలకి కమీషన్లు ఇవ్వడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన రహస్యమే. 2020 ఏప్రిల్ నుంచి ఒప్పందానికి ముందే ఏజెన్సీ ఒక కాగితం ఇవ్వాలని రూలుంది. కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ అంటారు. ఏ కోత ఎంతో, చివరికి చేతికి ఎంతో ఉదాహరణతో చూపించాలి అందులో. మంచి రూలే. నాకైతే అది ఎప్పుడూ సరే అన్న తర్వాత, ఆరో అటాచ్‌మెంటుగానే వచ్చింది.

2026 ఏప్రిల్ 6 నుంచి ఇంకో రూలు పెట్టారు, అంబ్రెల్లా పన్ను ఎగ్గొడితే గవర్నమెంటు నేరుగా ఏజెన్సీని పట్టుకోవచ్చని. సంతోషం. దొంగ గొడుగులు తగ్గుతాయేమో. కానీ అది గవర్నమెంటుకి రావాల్సిన డబ్బు కోసం పెట్టిన రూలు. మనకి రావాల్సిన డబ్బు సంగతి అందులో లేదు. యజమాని పన్ను మన రేటులోంచి కోయడం నిక్షేపంగా అలాగే ఉంటుంది. మా ఖమ్మం అబ్బాయి పాత బాకీ కూడా అలాగే ఉంటుంది.

అంబ్రెల్లాలో సుఖం లేదని నేననను. అకౌంటెంటు గోల లేదు, వారం వారం డబ్బు వస్తుంది, పేస్లిప్పు చూపిస్తే బ్యాంకువాడు ఇంటి లోను ఇస్తాడు. ఆ 25 పౌండ్ల మార్జిన్ కూడా నాకు బాధ లేదు, పేరోల్ నడపడానికి ఎవరో ఒకరికి ఇవ్వాల్సిందే. అయితే అది ఎవరి సౌకర్యం కోసం నడుస్తోందో వాళ్ళు ఇవ్వాలి. నన్ను పేరోల్లో పెట్టుకోవడం బద్ధకం ఏజెన్సీకి, ఆ ఖర్చు ఏజెన్సీ భరించాలి. ఉద్యోగ ప్రకటనలో వేసే అంకె ఉద్యోగి జీతం అయ్యుండాలి, యజమాని పన్నులు, లెవీ, పెన్షన్ దాని మీద వేరే కట్టుకోవాలి. కిరాణా కొట్టువాడు కూడా కిలో అని రాసి తొమ్మిది వందల గ్రాములిస్తే తూనికల వాళ్ళొచ్చి కేసు రాస్తారు. ఇక్కడ కిలో అని రాసి 770 గ్రాములు ఇస్తున్నా అడిగేవాడు లేడు. అమెరికాలో మన కన్సల్టెన్సీ బాబాయిలే నయం, 80-20 అని మొహం మీదే చెప్పి పట్టుకుంటారు.

పోయిన మంగళవారం మళ్ళీ మేట్ గారు ఫోన్ చేశారు. కొత్త రోల్, రోజుకి 525, మార్కెట్లో దీన్ని మించింది లేదు, సాయంత్రంలోపు చెప్పాలి. "అది ఉద్యోగి రేటా, అసైన్‌మెంట్ రేటా? మీ పేరోల్లో అయితే ఎంత? కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ ముందు పంపుతారా?" అని వరసగా అడిగా. కాసేపు నిశ్శబ్దం. "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు" అన్నాడు. ఇవాళ శనివారం, ఇంకా చేయలేదు. ఖమ్మం అబ్బాయి మాత్రం పొద్దున్నే వచ్చాడు, హెచ్‌ఎంఆర్‌సీకి వాయిదాల కోసం ఉత్తరం రాయాలని. నెలకి 400 చొప్పున కడతానని రాశాం. మూడున్నరేళ్ళు పడుతుంది.